బొమ్మలాయన పోగేసిన జనం

"మీ ఆయన ఏం చేస్తారు?" అని కొత్తవాళ్లెవరైనా అడిగితే ఆయన భార్యకి తలప్రాణం తోకకి వచ్చేది. ఉన్నమాట చెబితే నమ్మరు, చెప్పకపోతే ఏదో దాస్తోందనుకుంటారు. చివరికి, "మంచు మీద పడ్డ బొమ్మలు ఏరతారండీ" అనేసేది. అడిగినావిడ ఓసారి ఈమె మొహంలోకి చూసి, పాపం అనుకుని, మాట మార్చేసేది. ఇందులో పాపం అనుకోవాల్సిందేమీ లేదు. అక్షరాలా అదే ఆయన ఉద్యోగం.

సంగతేమిటంటే, ఆయన పనిచేసేది మంచు పరిచిన ఓ పెద్ద హాల్లో. అక్కడ ఫిగర్ స్కేటింగ్ చేస్తారు. అడుగున బ్లేడ్లున్న బూట్లు తొడుక్కుని, పాటకి తగ్గట్టు జారుతూ, తిరుగుతూ, ఎగురుతూ ఆడే ఆట అది. ఆట నచ్చితే చూసేవాళ్లు చప్పట్లతో ఊరుకోరు, మెత్తటి బొమ్మలు తెచ్చి మంచు మీదికి విసురుతారు. ఎలుగుబంట్లు, కుందేళ్లు, కుక్కపిల్లలు, ఎవరి ముచ్చట వాళ్లది. అవన్నీ తీసేస్తే గానీ తర్వాతివాళ్లు ఆడడానికి వీల్లేదు. బ్లేడు కింద ఓ గుండీ పడిందా, ఆడేవాళ్ల మూతిపళ్లు రాలతాయి. అందుకని బొమ్మలు ఏరి, ఊడిన కన్నూ ముక్కూ కూడా వెతికి, మంచు శుభ్రంగా ఉందని చెయ్యి ఊపడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి ఈయన. నీలం కోటు, ముళ్ల అడుగున్న బూట్లు, చేతిలో పెద్ద వెదురు బుట్ట. జీతం ఇచ్చే గుమాస్తా దగ్గర్నుంచి గేటు కాపలావాడిదాకా అందరికీ ఆయన బొమ్మలాయనే.

అంతకుముందు ఆయన ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోసేవాడు. హాలు కట్టినప్పుడు మంచు మీద నడవడం వచ్చినవాడు కావాలన్నారు. ఈయనకి వచ్చిందల్లా అదొక్కటే. స్కేటింగ్ రాదు, అన్నేళ్లు ఆ మంచు మీదే తిరిగినా నేర్చుకోలేదు. పాదం మొత్తం ఆనించి బాతులా నడుస్తాడు. అంత నడకా నడిచి ఒక్కసారి జారిపడ్డాడా అంటే, లేదు. అదో ఘనకార్యమని ఆయనకి లోపల్లోపల కాస్త గర్వం కూడా ఉండేది.

మొదట్లో వైభవం వైభవమే. ఇసుక వేస్తే రాలనంత జనం. ఒక్కో ఆటకి బుట్ట నిండి, కోటు జేబులు నిండి, చంకల్లో కూడా కుందేళ్లని ఇరికించుకుని బయటికి వచ్చేవాడు. తర్వాత ఏమైందో ఏమో, జనానికి మొహం మొత్తింది. వాళ్లకి మొహం మొత్తడానికి కారణాలు కావాలా ఏమన్నా? ఒకళ్లు మానేశారు, వాళ్లని చూసి పక్కింటివాళ్లు మానేశారు, అంతే. చివరికి మిగిలింది ఆడే పిల్లల అమ్మలు. ఈగలు తోలుకుందామంటే ఆ చలికి ఈగలు కూడా రావు. ఓ అమ్మ మాత్రం కూతురు ఆడిన ప్రతిసారీ పట్టు వదలకుండా ఓ ఏనుగు బొమ్మని విసిరేది. ఆట అయ్యాక బొమ్మలాయన దగ్గరికొచ్చి, "మా ఏనుగు ఇటిస్తారా, మళ్లీ వారం కావాలి" అని పట్టుకుపోయేది. ఉతికి, ఆరేసి, మళ్లీ తెచ్చేది. దాని తొండం ఊడితే బొమ్మలాయన భార్యే కుట్టి ఇచ్చింది.

ఆవిడకీ అక్కడే పని. మెట్ల వరసల కింద ఓ ఇరుకు గదిలో కుట్టుమిషను పెట్టుకుని, ఆడేవాళ్ల బట్టలు కుట్టేది, వాటికి చెమ్కీలు అద్దేది. ఆవిడ తమ్ముడు మంచుబండి నడిపేవాడు. బ్లేడ్లు గీరిన మంచుని చదును చేస్తూ, నెమ్మదిగా, ఎద్దులా చుట్టూ తిరిగే బండి అది. అలా ఆ కుటుంబం అంతా మంచు మీద ఆధారపడి బతికేది. ఇంక వాళ్ల ఒక్కగానొక్క కూతురు ఆ హాల్లోనే పుట్టిందంటే తప్పులేదు. నాన్న బుట్టలో ఎలుగుబంట్ల మధ్య పడుకుని పాలు తాగింది. నడక రాగానే స్కేట్స్ అడిగింది.

అమ్మాయి బాగా ఆడేది. నాన్న అన్నాడని కాదు, నిజంగానే బాగా ఆడేది. ఒకే ఒక్క చిక్కు. ఎగిరి, గాల్లో రెండు చుట్లు తిరిగి, ఒంటికాలి మీద వాలే జంప్ ఒకటుంది. అది మాత్రం కుదిరేది కాదు. అదొచ్చేసరికి ప్రతిసారీ పిల్ల మంచు మీద దబ్బున పడేది. తల్లి అది చూడలేకపోయేది. కూతురి పాట మొదలవగానే బయటికి వెళ్లి, మంచినీళ్ల పంపు దగ్గర గోడ వైపు తిరిగి నిలబడి, పాట ఆగాక లోపలికి వచ్చేది. "చూస్తే నా ప్రాణం పోతుంది. చూడకపోతే సగమే పోతుంది" అనేది.

ఒకనాడు అమ్మాయి లేసులు విప్పుకుంటూ వాళ్ల నాన్నతో, "ఎప్పుడూ ఖాళీ కుర్చీలకే ఆడుతున్నా నాన్నా" అంది. "ఒక్కసారి ఎవరైనా చూస్తుంటే ఆడాలనుంది."

"అమ్మలందరూ చూస్తున్నారుగా తల్లీ."

"వాళ్లు వాళ్ల పిల్లల్ని చూస్తారు. నేను ఆడేటప్పుడు స్వెటర్లు అల్లుకుంటారు." రెండో బూటు లేసు లాగుతూ అంది. "మంచు మీద నుంచి మొహాలేం కనబడవు, లైట్లు కళ్లలో కొడతాయి. కుర్చీల్లో ఆకారాలు కనబడతాయి, అంతే. ఎవరో చూస్తున్నారని తెలిస్తే చాలు. ఆ జంప్ కుదురుతుంది."

"జనం సంగతి నాకొదిలెయ్," అన్నాడాయన. జనాన్ని ఎక్కడినుంచి తెస్తాడో ఆయనకే తెలియదు. కూతురు అడిగింది, తండ్రి ఒప్పుకున్నాడు. తండ్రులు అంతే, ముందు ఒప్పుకుంటారు.

జనం కోసం అంతకన్నా ఎక్కువ తపిస్తున్న మనిషి ఇంకొకడున్నాడు. హాలు సెక్రటరీ. ఆయన బుర్ర ఆలోచనల పుట్ట. టికెట్ ధర తగ్గించాడు, ఎవరూ రాలేదు. ఊరికే రమ్మన్నాడు, అసలే రాలేదు. వచ్చినవాళ్లకి దుప్పటి ఇస్తామన్నాడు. అందరూ వచ్చి, దుప్పట్లు తీసుకుని, అవి కప్పుకుని ఇంటికి పోయారు. ఇంతలో పైనుంచి కబురొచ్చింది, ఈ ఆట మీద ప్రజాసక్తి ఉందో లేదో చూడడానికి ఇన్‌స్పెక్టరు వస్తాడని, లేదని తేలితే మంచు కరిగించేసి హాలుని గోదాం చేస్తారని. సెక్రటరీకి కంటి మీద కునుకు పోయింది. అప్పుడు ఆయన బుర్రలో అన్నిటికన్నా పెద్ద ఆలోచన పుట్టింది. చాంపియన్‌ని ఇన్‌స్పెక్టరు వచ్చే రోజుకి పిలిపిద్దాం.

చాంపియన్ అంటే మాటలు కాదు. ఎక్కడెక్కడి పోటీల్లోనో పతకాలు తెచ్చినావిడ. ఆవిడ ఆట ఊళ్లో ఎవరూ చూడలేదు గానీ, ఆవిడ పళ్లు తెలియనివాళ్లు లేరు. టూత్‌పేస్టు డబ్బా మీద ఉండేది ఆవిడ నవ్వే.

ఆవిడని ఎప్పుడు ఆడించాలా అని కమిటీ ఓ సాయంత్రం అంతా తర్జనభర్జన పడింది. మొదట ఆడిస్తే చూసేసి లేచిపోతారు. చివర ఆడిస్తే అప్పటిదాకా రారు. "మధ్యలో పెడదాం," అని సెక్రటరీ బల్ల గుద్దాడు. "ముందే వచ్చి కూర్చుంటారు, అయ్యాక మొహమాటానికైనా ఉంటారు. స్టార్ ఒక్కసారి దీపం ముట్టిస్తే చాలు, ఇంక వెలుగు దానంతటదే పాకుతుంది." జనానికి మొహమాటం ఉంటుందని ఆయనకి ఎవరు చెప్పారో మరి. చాంపియన్ తర్వాత ఎవరు ఆడాలో చీటీ తీస్తే బొమ్మలాయన కూతురి పేరు వచ్చింది.

"అదృష్టం అంటే మీ అమ్మాయిదే," అన్నాడు సెక్రటరీ. "హాలు నిండుగా ఉంటుంది."

బొమ్మలాయన ఆ మాట పట్టుకుని ఇంటికి పరిగెత్తాడు. ఆకాశంలో తేలుతున్నాడు మనిషి. భార్య రాత్రింబవళ్లు కూర్చుని కూతురికి కొత్త గౌను కుట్టింది. అమ్మాయి జంప్ సాధన చేసింది, పడింది, చేసింది, పడింది. "ఆ రోజు పడను చూడు," అంది మోకాళ్లు రుద్దుకుంటూ.

ఆ రోజు రానే వచ్చింది. సెక్రటరీ అన్నంతపనీ అయ్యింది, హాలు కిటకిటలాడింది. గేటు దగ్గరే బొమ్మల దుకాణాలు పెట్టించాడు, వచ్చిన ప్రతివాడి ఒళ్లోనూ ఓ ఎలుగుబంటి. కాకపోతే ఒకటే లోటు, వచ్చినవాళ్లలో ఆ ఆటేమిటో తెలిసినవాళ్లు తక్కువ. బంతి ఏదని ఒకడు అడిగాడు. ఇంకొకాయన పెళ్లాం పిల్లలకి విడమరిచి చెబుతున్నాడు. "అందరూ గిరగిరా తిరుగుతారు. కళ్లు తిరక్కుండా చివరిదాకా నిలబడ్డవాళ్లు గెలిచినట్టు." ఆ ధైర్యం చూసి చుట్టుపక్కలవాళ్లు కూడా ఆయన్నే అడగడం మొదలుపెట్టారు.

ముందు ఆడిన పిల్లలకి పొడిపొడి చప్పట్లు పడ్డాయి. చాంపియన్ రావడానికి ముందు మంచు చదును చెయ్యాలిగా, బావమరిది బండి తీసుకొచ్చాడు. అది ఓ మూల నుంచి వచ్చి, గరుకు మంచుని అద్దంలా చేసుకుంటూ పోతుంటే జనం గుడ్లప్పగించి చూశారు. ఎవరో ఈల వేశారు. బావమరిది చెయ్యి ఊపాడు. హాలు దద్దరిల్లిపోయింది. ఇన్నేళ్లలో ఆయనకేసి చూసినవాడు లేడు, పాపం మనిషికి ఉండబట్టలేదు. పని అయిపోయినా ఇంకో చుట్టు తిరిగాడు. "వన్స్ మోర్" అన్నారు. మరో చుట్టు. చివరికి సెక్రటరీ మంచు మీద పడుతూ లేస్తూ వెళ్లి, బండికి అడ్డం నిలబడి, "దిగవయ్యా మహానుభావా, చాంపియన్ బయట చలికి వణుకుతోంది" అని బతిమాలుకోవాల్సొచ్చింది.

చాంపియన్ వచ్చింది. ఆవిడకి మోకాలు నొప్పట, డాక్టరు ఎగరొద్దన్నాడట. ఓ చుట్టు జారింది, మధ్యలో ఓసారి గిర్రున తిరిగింది, ఆగి నవ్వింది. ఆ నవ్వు టూత్‌పేస్టు డబ్బా మీది నవ్వే. ఎవరికీ ఇంక ఏ అనుమానమూ మిగల్లేదు. హాలంతా లేచి నిలబడింది. బొమ్మలు పడ్డం మొదలైంది.

మామూలుగా పడలేదు. జడివాన కురిసింది. ఎలుగుబంట్లు, కుందేళ్లు, పులులు, ఓ మొసలి, ఎవరిదో తలగడ, మరెవరిదో టోపీ. మంచు తెల్లగా కనబడడం మానేసింది. చాంపియన్ వాటి మధ్య నుంచి దారి చేసుకుంటూ బయటికి వెళ్లిపోయింది. బొమ్మలాయన బుట్ట పట్టుకుని దిగాడు. మంచు అంచున గేటు దగ్గర కొత్త గౌనులో కూతురు నిలబడి ఉంది, చేతులు రెండూ భుజాలకి చుట్టుకుని. మంచు ఖాళీ అయితే గానీ ఆ పిల్ల అడుగు పెట్టకూడదు. పిల్ల అడుగు పెట్టేదాకా జనం కుర్చీల్లో ఉంటారో ఉండరో. అది తెలుసు కనకనే ఆయన జన్మలో ఎన్నడూ ఏరనంత వేగంగా ఏరాడు.

ఏరిన కొద్దీ పడుతూనే ఉన్నాయి. ముందు గురి తప్పినవాళ్లు రెండోసారి విసిరారు. ఓ పెద్దమనిషి కటకటాల మీంచి వంగి, "ఏమండీ, ఆ పసుపు కుందేలు మా పాపది, పొరపాటున విసిరాను" అని గోల. బావమరిది ఆగలేక బండెక్కి, "బావా, నువ్వు తప్పుకో, ఒక్క ఊపున నెట్టేస్తా" అంటూ వచ్చాడు. బండి ఓ కుక్కపిల్లని మింగి, రెండుసార్లు దగ్గి, మంచంతా దూది కక్కింది. ఇప్పుడు ఆ దూది కూడా ఏరాలి. బొమ్మలాయనకి ఏడుపొక్కటే తక్కువ.

ఇది చాలనట్టు మైకులో సెక్రటరీ గొంతు వినిపించింది. "ఆనందకరమైన వార్త. చాంపియన్‌గారు బయట ఆవరణలో అందరితో ఫోటోలు దిగుతారు." నోరు ఊరుకోదు కదా. చెప్పాక గానీ తనేం చెప్పాడో ఆయనకి తెలియలేదు. కుండ బోర్లించినట్టు హాలు ఖాళీ అయ్యింది. జనం వెనక టికెట్లు చింపేవాళ్లు పోయారు, కోచ్ పోయాడు, అమ్మలు అల్లికలు వదిలేసి పోయారు. ఆ హడావిడిలో ఏనుగు తాలూకు అమ్మ ఏనుగుని కూడా మర్చిపోయి పోయింది. మిగిలింది పైన అద్దాల గదిలో కూర్చున్న ఇన్‌స్పెక్టరొక్కడు. ఆయన కోసం గదిలో హీటరు పెట్టారు. లోపల వేడి, బయట చలి, అద్దం నిండా ఆవిరి. హాల్లోకి చూస్తే ఆయనకి కనబడేది అలుక్కుపోయిన ఆకారాలే.

"నాన్నా, ఎవరూ లేరు," అంది అమ్మాయి. గొంతు చాలా మామూలుగా ఉంది. ఆయన గుండె జారిపోయింది అందుకే.

ఆయన కుర్చీల వైపు చూశాడు. తన పక్కన కొండలా పేరుకున్న బొమ్మల వైపు చూశాడు. ఆకారాలు కనబడితే చాలని కూతురు చెప్పిన మాట ఆయనకి బాగానే గుర్తుంది. "ఉంటారు," అన్నాడు. "లేసులు మళ్లీ గట్టిగా కట్టుకో. పాట మొదలయ్యేదాకా తలెత్తకు. తలెత్తేసరికి జనం ఉంటారు, నాది పూచీ."

ఇంక చూడండి. బుట్టెడు బొమ్మలు ఎత్తుకుని మొదటి వరస నుంచి కూర్చోబెట్టడం మొదలుపెట్టాడు. ఏమిటిదని బావమరిది అడగలేదు, ఆ ఇంట్లో ఎవరికీ ఇలాంటివి వింతకాదు. తనూ ఓ చంకెడు ఎత్తుకుని రెండో వరసకి వెళ్లాడు. తన తప్పు తనకి తెలిసొచ్చి పరిగెత్తుకొచ్చిన సెక్రటరీ గుమ్మంలో కొయ్యబారిపోయాడు. మరుక్షణం అద్దాల గది వైపు చూశాడు, కోటు విప్పి పడేశాడు.

"ఎలుగుబంట్లని ముందు కూర్చోబెట్టండి, నిండుగా కనబడతాయి. ఆ కుందేళ్లు రెండూ ఒకే కుర్చీలోనా? సీటుకి ఒకరే," అని కేకలు మొదలుపెట్టాడు. హడావిడిలో మోచెయ్యి తగిలి ఓ పులి ఒరిగిపోతే, "సారీ అండీ" అని సరిగ్గా కూర్చోబెట్టాడు. ఏనుగుని మాత్రం స్వయంగా తీసుకెళ్లి పెద్దవాళ్ల సోఫాలో వేశాడు. మొసలి దగ్గర కాస్త తటపటాయించి, చివర్లో నీడ పడే చోట సర్దాడు.

ఇంకా ఓ వైపే నిండింది. పాటలు పెట్టే అతను పైనుంచి, "నేనూ ఫోటో దిగాలి, ఇంక ఆగలేను" అని అరిచి, మీట నొక్కేసి వెళ్లిపోయాడు. పాట మొదలైంది. బయట తల్లి మామూలుగానే పంపు దగ్గర గోడ వైపు తిరిగింది. అమ్మాయి తలెత్తింది.

అసలు తిరకాసు అప్పుడొచ్చింది. అమ్మాయి ఒక చోట నిలబడదు కదా, హాలంతా చుడుతుంది. ఏ వైపు తిరిగితే ఆ వైపు కుర్చీలు కనబడతాయి. అందుకని కూతురు అటు తిరగబోతోందని పాటని బట్టి తెలుసుకుని, బొమ్మలాయన ముందే అక్కడికి పరిగెత్తి ఆ వైపు నింపేవాడు. ఆ పాట ఆయనకి కంఠతా వచ్చు. ఇటు నింపి అటు, అటు నింపి ఇటు. ముసలి మోకాళ్లు మొర్రో అంటున్నా మెట్లెక్కుతూ దిగుతూ, ఒక్కో బొమ్మకీ మెడ నిలబెట్టి, మొహం మంచు వైపు తిప్పి పెట్టాడు. ఇదంతా చెయ్యాలంటే మంచుకి వీపు పెట్టాలి. పెట్టాడు.

పాట జంప్ దగ్గరికి వచ్చినప్పుడు ఆయన పై వరసలో ఉన్నాడు, ఒళ్లో ఓ పెద్ద ఎలుగుబంటితో. ఇప్పుడు తిరిగి చూడాలి అనుకున్నాడు. తిరిగేలోపు దబ్బుమని చప్పుడైంది. అది మెట్ల మీద జారిపడ్డ బావమరిది. చంకెడు కుందేళ్లతో సహా నాలుగు మెట్లు దొర్లాడు. ఆ సంగతి ఈయనకేం తెలుసు. "పడింది, నా తల్లి పడింది" అనుకుని కళ్లు గట్టిగా మూసుకున్నాడు. ఇంక తిరిగి చూసే ధైర్యం రాలేదు. చేతిలో ఎలుగుబంటి ఉంది, ఎదురుగా ఖాళీ కుర్చీ ఉంది. కూర్చోబెట్టాడు.

పాట ఆగింది. పై గదిలోంచి చప్పట్లు వినిపించాయి, ఒక్క జత. ఇన్‌స్పెక్టరు వెనక మెట్ల మీంచి దిగుతూ సెక్రటరీ చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

"ఇలాంటి ప్రేక్షకుల్ని నేనెక్కడా చూళ్లేదండీ. మధ్యలో ఒక్కరు లేవలేదు. ఒక్క ఫోను మోగలేదు. ఎంత క్రమశిక్షణ, ఎంత తన్మయత్వం. చాంపియన్ వెళ్లిపోయాక కూడా కదల్లేదంటే, స్టార్ అంటే అదండీ. ఆట మళ్లీ బతికింది."

ఆయాసంతో రొప్పుతూ దిగివచ్చిన బొమ్మలాయన ఉండబట్టలేక అడిగాడు. "మా అమ్మాయి ఎలా ఆడింది సార్?"

"ఆటా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "నేను చూడాల్సింది ప్రజాసక్తి కదా. ఆట చూడ్డం నా పని కాదు." చెప్పి, కారెక్కి వెళ్లిపోయాడు.

తర్వాతి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. మంచు కరిగించలేదు, హాలు నిలబడింది. తర్వాతి వారం నిజంగానే ఓ గుంపు వచ్చింది కూడా. "చాంపియన్ ఉందా?" అని అడిగారు. లేదంటే, "పోనీ ఆ బండి?" అన్నారు. బండి తిరిగినంతసేపూ ఉండి వెళ్లిపోయారు. దీన్నే ఆట మీద ఆసక్తి అంటారేమో, నాకైతే తెలియదు.

సరే, ఆ రోజుకి వద్దాం. అమ్మాయి గేటు దగ్గరికి జారుకుంటూ వచ్చి ఆగింది. వగరుస్తోంది. మొహం వెలిగిపోతోంది. ఆ మొహం చూసి ఉంటే ఆయనకి అంతా తెలిసిపోయేది. కానీ మహానుభావుడు ఓదార్చే తొందరలో ఉన్నాడు.

"చూశావా నాన్నా?" అంది.

"చూశాను తల్లీ. పడితే ఏమైంది. లేచావుగా. ఎంత బాగా లేచావో."

అమ్మాయి కటకటాల మీద పెట్టిన చేతులు తీసేసుకుంది.

"పడలేదు నాన్నా," అంది. "ఈసారి పడలేదు."

బొమ్మలాయన ఎవరో ఒకరు చూసే ఉంటారన్నట్టు చుట్టూ చూశాడు. ఎటు చూసినా గాజు కళ్లే. "మీ మావయ్య చూసే ఉంటాడు," అన్నాడు.

"మావయ్య మెట్ల మీద పడ్డాడు. గాల్లోంచి దిగుతూ దిగుతూ నేనే చూశాను."

"అయితే... జనం ఉన్నారనుకునే కదా, నీకు ధైర్యం..."

"అవి బొమ్మలని తలెత్తగానే తెలిసింది నాన్నా. ఆ ఏనుగుని గుర్తుపట్టనా? నువ్వెక్కడో నిలబడి చూస్తున్నావని ఆడాను."

ఆయనకి ఏడుపు ముంచుకొచ్చింది. ఇన్నేళ్లూ ఖాళీ హాల్లో కూడా ఆ పిల్ల పడిన ప్రతిసారీ బుట్ట పట్టుకుని అంచున నిలబడి చూసిన ఒకే ఒక్క మనిషి తను. పడని రోజున వీపు చూపించాడు. తిట్టినా బాగుండేది. ఆ పిల్ల తిట్టలేదు. "పర్లేదులే, నువ్వు నా కోసమేగా తిరిగావు" అని, అక్కడే కూర్చుని లేసులు విప్పుకోబోయింది.

"విప్పకు," అన్నాడాయన. ముందు వరసలో నడిమి కుర్చీలో ఉన్న ఎలుగుబంటిని తీసి కింద పెట్టి, అందులో తను కూర్చున్నాడు. ఆ హాల్లో అన్నేళ్లు పనిచేసి కుర్చీలో కూర్చోవడం ఆయనకి అదే మొదలు. "మళ్లీ చెయ్యి."

"పాట లేదుగా."

"నాకు అక్కర్లేదు."

కుంటుకుంటూ బండెక్కిన బావమరిది మూల నుంచి కేకేశాడు. "బావా, తప్పుకోమను. మంచు చదును చెయ్యాలి, బయట జనం బండి కోసం అడుగుతున్నారు."

"అడగనీ," అన్నాడు బొమ్మలాయన, తల తిప్పకుండా.

అమ్మాయి ఓ చుట్టు తిరిగి, ఊపు తీసుకుని, ఎగిరింది. పడింది. లేచి మంచు దులుపుకుని మళ్లీ ఎగిరింది, మళ్లీ పడింది. కాలు అలిసిపోయి ఉంది, చెప్పాలంటే ఇంక అది కుదిరే జంప్ కాదు. అయినా మానలేదు. లేచిన ప్రతిసారీ తల తిప్పి ఆ కుర్చీ వైపు చూసింది. చూసిన ప్రతిసారీ ఆయన చూస్తూనే ఉన్నాడు.